మిషను సొరుగులోని ఉత్తరం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. మావారు బడిలో తెలుగు మాస్టారు, మా సంఘానికి కోశాధికారి. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మాకు ఒక్కడే కొడుకు, ఇరవై ఒక్క ఏళ్ళు. విశాఖపట్నంలో డిగ్రీ చదువుతూ మార్మన్ల సంఘంలో చేరాడు. చదువు కాగానే జూన్‌లో రెండేళ్ళ మిషను సేవకని, అంటే వాళ్ళ మతప్రచారానికి, బెంగుళూరు వెళ్ళాడు. ఆ రోజు నుంచి మావారు వాడితో మాట్లాడలేదు. ప్రతి సోమవారం వాడు ఫోను చేస్తే నేనే మాట్లాడతాను. వాడు లేకుండా మాకు ఇదే మొదటి క్రిస్మస్. ఏటా మేడ మీద స్టార్ కట్టేది వాడే, కింద వెదురు పట్టుకునేది మావారు. ఈసారి బీరువా మీది స్టార్ పెట్టె దించబుద్ధి కావడం లేదు. పండుగకు నాలుగు రోజులు రమ్మంటే కుదరదంటున్నాడు. మామ్మకు ఒంట్లో బాగాలేదని చెబితే వస్తాడేమో. అలా చెప్పవచ్చా? వాణ్ణి ఎలా రప్పించాలి?
– ఒక తల్లి

జవాబు:

అమ్మా,

చెప్పకూడదు. రప్పించకూడదు. మీరడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఇంతటితో అయిపోయింది.

మీ అత్తగారు నిక్షేపంగా ఉన్నారనీ, ఈ ఏడాది కూడా అరిసెల పాకం ఇంకొకరిని ముట్టుకోనివ్వనంటున్నారనీ మీరే రాశారు. అలాంటి మనిషిని మంచాన పడేయడానికి మీకు నోరెలా వస్తుంది? పిల్లవాడు పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ పొయ్యి ముందు కూర్చుని, పాకం ఉండకట్టిందో లేదో నీళ్ళ గిన్నెలో వేసి చూస్తూ ఉంటుంది. రేపు నిజంగానే ఆవిడకు ఏమైనా అయితే మీ మాట నమ్మి ఎవరు బయలుదేరుతారు?

పైగా ఇది ఈ ఒక్క పండుగతో పోయేది కాదు. వాళ్ళలో మగపిల్లల సేవ ఇరవై నాలుగు నెలలు. మధ్యలో సెలవు పెట్టి ఇంటికి వచ్చిపోయే పద్ధతి లేదు. జూన్‌లో వెళ్ళినవాడు వచ్చే క్రిస్మస్‌కు కూడా మీ ఇంట్లో ఉండడు. వేళ్ళ మీద లెక్కపెడితే తెలిసే సంగతి. మీరు లెక్కపెట్టలేదంటే నేను నమ్మను. లెక్కపెట్టి పక్కన పెట్టారు.

అక్కడ ఒంటరిగా ఉంటాడన్న బెంగ కూడా వదిలేయండి. వాళ్ళను ఎప్పుడూ జంటగానే ఉంచుతారు. పొద్దున ఆరున్నరకు లేచింది మొదలు రాత్రి పదిన్నరకు దీపం ఆర్పేదాకా పక్కన తోడు ఉండవలసిందే. ఆ వయసు కుర్రవాడికి అసలు కష్టం అయిదు నిమిషాలు ఒంటరిగా కూర్చునే వీలు దొరక్కపోవడం. పండుగ పూట వాళ్ళ సంఘంలో ఎవరో ఒకరు పిలిచి భోజనం పెడతారు. మీరు గులాబీ పువ్వుల పిండివంట, అరిసెలు పార్సిల్ చేసేటట్టయితే ఇద్దరికి సరిపడా చేయండి. ఒక్కడికే పంపితే ఆ రెండో తల్లి బిడ్డ ముందు మీవాడికి చిన్నతనం.

మే నెలలో ఇంటికి వచ్చినప్పుడు మీరిచ్చిన టీ గ్లాసు పక్కకు జరిపాడని పావు పేజీ రాశారు. 1833 నుంచీ వాళ్ళకున్న నియమం అది. టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టరు. కొడుకు మందు, సిగరెట్టు ముట్టనన్నందుకు దిగులుపడిన తల్లిని మిమ్మల్నే చూశాను. పాలు ఇవ్వండి.

వాళ్ళు నిజమైన క్రైస్తవులేనా అని కూడా అడిగారు. మీ పాస్టరుగారిని అడగండి, మీరు వినదలచుకున్నదే చెబుతారు. నాకు తెలిసింది ఇంతే. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే ఇరవై నాలుగేళ్ళ మనిషి ఆ సంఘాన్ని స్థాపించాడు. ఇప్పుడు కేంద్రం సాల్ట్ లేక్ సిటీ. మార్మన్లు అని పిలవడం వాళ్ళకే ఇష్టం లేదు. కడవరి దిన పరిశుద్ధుల పేరుతో ఉన్న పూర్తి పేరే వాడమని 2018 నుంచీ గట్టిగా అడుగుతున్నారు. ఫోనులో మీరు మార్మన్లు అన్నప్పుడల్లా మీవాడు ఒక్క క్షణం ఆగుతాడని రాశారే, అందుకు.

ఇక అసలు సంగతి.

మీ ఉత్తరం మూడో పేజీ అడుగున, బ్రాకెట్లలో, రెండు ముక్కలున్నాయి. సెప్టెంబరులో మీ అబ్బాయి వాళ్ళ నాన్నగారి పేరు మీద ఒక ఉత్తరం పంపాడు. ఆయన బడికి వెళ్ళినప్పుడు వచ్చింది. మీరు చింపి చదివారు. సమయం చూసి ఇద్దామని కుట్టు మిషను సొరుగులో, దారపు రీళ్ళ కింద పెట్టారు. ఆ సమయం ఇంకా రాలేదు. నాలుగు పేజీల ఉత్తరంలో మిషను అనే మాట పది సార్లు రాశారు. తొమ్మిది సార్లు అది మీవాడు వెళ్ళిన మిషను. నాకు కావలసింది ఆ పదోది.

అది మీ పేరు మీద వచ్చిన ఉత్తరం కాదమ్మా.

మీరు చెప్పినవే వరుసగా పెడతాను, చూడండి. మీవారు ‘వాడి గది అద్దెకిచ్చేస్తాను’ అన్నారు. సోమవారం మీరు కొడుకుతో ‘నాన్నగారు నీ గదికి సున్నం వేయిస్తున్నారు’ అన్నారు. వాడు ‘నాన్నగారికి ఒక్కసారి ఫోను ఇవ్వమ్మా’ అన్నాడు. మీరు ‘స్నానానికి వెళ్ళారు’ అన్నారు. ఆ సమయంలో ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. చేతిలో పేపరు ఉంది, పేజీ మాత్రం తిప్పరు. ఇదీ మీరు రాసిందే. ఆరు నెలలుగా ప్రతి సోమవారం సరిగ్గా ఫోను వేళకే స్నానం చేసే మనిషిని మీవాడు నమ్ముతున్నాడా? పేజీ తిప్పకుండా కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడో మీకు తెలియదా?

మన ఇళ్ళలో ఇది ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం దగ్గర మొదలవుతుంది. ‘నాన్నగారి మనసు బాగున్నప్పుడు నేను అడుగుతాలే’ అని తల్లి కార్డు పుచ్చుకుంటుంది. విహారయాత్రకు డబ్బులు తల్లి అడుగుతుంది. సైకిలు సంగతి తల్లి అడుగుతుంది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి పిల్లవాడికి తండ్రితో మాట్లాడే అలవాటే ఉండదు, తండ్రికి కోప్పడటం తప్ప పని ఉండదు. ఇద్దరికీ తల్లే కావాలి. అలా కావలసిరావడంలో ఒక తృప్తి ఉంది. మీకు కష్టంగా ఉన్నా ఈ మాట అనే తీరతాను. భర్తా కొడుకూ ఒకరికొకరు దొరక్కుండా ఉన్నంత కాలం ఇద్దరూ మీకే దొరుకుతారు.

మా బరంపురం ఇంట్లోనూ ఇంతే. మా నాన్న నన్ను మెచ్చుకున్నారో కోపగించారో అమ్మ చెబితేనే తెలిసేది. అమ్మ ముందు పోయింది. తరువాత ఆరేళ్ళు ఆయనా నేనూ ఒకే కప్పు కింద ఉన్నాం. పాలు వచ్చాయా, కరెంటు పోయిందా, వాన పడేట్టుందా. ఇవే మాటలు. ఆసుపత్రిలో చివరి రోజున, ఏమైనా కావాలా నాన్నా అని అడిగాను. ‘మీ అమ్మనడుగు’ అన్నారు.

మీవారి సంగతి. ఆయన తాతగారు బాప్తిస్మం తీసుకున్న రోజున ఇంటివాళ్ళు తలస్నానాలు చేసి, బతికున్న మనిషికి నీళ్ళు వదిలారట. ఈ కథను మీవారు ఏటా క్రిస్మస్‌కు సంఘంలో సాక్ష్యంగా చెబుతారట. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు దొరలు మెల్లగా మీ ఊరి దాకా వచ్చారు. ఏళ్ళ తరబడి వాళ్ళు ఇల్లు చూడలేదు. కెనడాలో వాళ్ళ తల్లులకూ డిసెంబరు వచ్చింది, ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కొడుకు ఉత్తరం ఓడ ఎక్కి వచ్చేసరికి పండుగ ఎప్పుడో అయిపోయి ఉండేది. ఆ పిల్లలు అలా ఇల్లు విడిచి రాబట్టే ఏటా మీ మేడ మీద స్టార్ వేలాడుతోంది. అడగకుండా ఇల్లు దాటిన తాత విశ్వాసవీరుడు. అడగకుండా ఇల్లు దాటిన కొడుకు మాత్రం తప్పిపోయిన కుమారుడు. యేసు చెప్పిన ఆ ఉపమానంలో కూడా తండ్రి వరండాలో పేపరు పట్టుకుని కూర్చోలేదు, ఎదురు పరుగెత్తాడు. సంఘ కోశాధికారికి ఇది నేను చెప్పాలా?

క్యారల్స్‌కు వచ్చినవాళ్ళు ‘అబ్బాయి ఏడీ?’ అంటే ఆయన ‘బెంగుళూరులో ఉద్యోగం’ అంటున్నారట. ఆయనది ఒక అబద్ధం, మీది ఒకటి. ఇప్పుడు మామ్మ పేరున ఇంకొకటి కావాలంటున్నారు.

మీ అబ్బాయినీ వెనకేసుకురాను. రెండేళ్ళు వెళ్ళిపోతున్న మాట కూడా తండ్రికి మీ చేతనే చెప్పించాడు. ముక్కూముఖం తెలియనివాళ్ళతో దేవుడి సంగతి మాట్లాడే పనికి బయలుదేరినవాడు వరండా దాకా నడిచి నాన్నా అనలేకపోయాడు. అది పిరికితనమే. కానీ సెప్టెంబరులో అన్నాడు. కాగితం మీద, ‘క్షమించండి’ అన్న మాటతో మొదలుపెట్టి అన్నాడు. మీరు దాని మీద దారపు రీళ్ళు పెట్టారు. జవాబు రాలేదు. జవాబు రాకపోవడమే తండ్రి జవాబని ఆ పిల్లవాడు మూడు నెలలుగా అనుకుంటున్నాడు. సోమవారం సోమవారం ‘నాన్నగారు ఏమైనా అన్నారా?’ అని అడుగుతున్నది దాని గురించి. మీరు ఆయన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతున్నారు.

మీరు పంపిన ఫొటో చూశాను. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ. ‘ఎల్డర్’ అని, అంటే పెద్ద అని, పక్కన ఇంటిపేరు. సేవలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళను ఇంటిపేరుతోనే పిలుస్తారు. ‘మా ఇంటిపేరు తీశాడు’ అని మీవారు అన్నారే, ఆ పేరునే మీవాడు రోజూ గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళకే పెద్ద ఏమిటని ఆయనకు నవ్వు రావచ్చు. రానివ్వండి. ఈ ఫొటో కూడా ఆయన ఇంకా చూడలేదు కదూ?

ఇది చదివిన రాత్రే, భోజనాలయ్యాక, ఆ ఉత్తరమూ ఫొటోలూ ఆయన చేతికివ్వండి. సెప్టెంబరులో వచ్చిందని చెప్పండి. చింపి చదివానని చెప్పండి. ఎందుకు దాచారో వివరించకండి. మొదలుపెట్టారంటే మళ్ళీ ఇద్దరి తరఫునా మీరే మాట్లాడతారు. ఆయన మీ మీద కోప్పడతారు. న్యాయంగా మీకు రావలసిన కోపమే అది, పడండి. చదవకుండా చింపేస్తే? చింపనివ్వండి. ఆయన పేరు మీద వచ్చిన ఉత్తరం, చింపే హక్కూ ఆయనదే. ముక్కలు ఏరి అతికించడానికి మాత్రం కూర్చోకండి.

స్టార్ పెట్టె దించి వరండాలో పెట్టండి. ఎవరు కడతారని అడగకండి. మనిషిని పిలిచి కట్టించకండి.

క్రిస్మస్ రోజున ఫోను వస్తుంది. 2019 ఫిబ్రవరి దాకా ఈ పిల్లల తల్లులకు ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కు ఒకటి, మాతృ దినోత్సవానికి ఒకటి. ఇప్పుడు వారం వారం చేయనిస్తున్నారు, పండుగకూ చేయనిస్తారు. ముందు సోమవారమే మీవాడికి చెప్పండి: ‘పండుగనాడు మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండను, నాన్నగారు ఉంటారు.’ ఇందులో అబద్ధం లేదు. ఆరాధన నుంచి వచ్చి, భోజనాలు కానిచ్చి, అత్తగారిని వెంటబెట్టుకుని పాతపట్నంలో మీ అక్కగారింటికి వెళ్ళండి. రాష్ట్రం దాటాలన్న మాటే గానీ ఎంత దూరం? దీపాలు పెట్టేదాకా రాకండి. ఫోను వెంట తీసుకువెళ్ళకండి. వరండాలో ఆయన కుర్చీ పక్కన ఛార్జింగుకు పెట్టి వెళ్ళండి.