టెక్ సందేహాలు: టవర్ అందని చోట టెంటు

నవంబరు వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో సగం కొండలెక్కేస్తాయి. బెంగళూరు చుట్టూ ఉన్న స్కందగిరి, సావనదుర్గ, అంతరగంగె, కాస్త దూరం పోగలిగినవాళ్లకు గండికోట. చోటు మారుతుంది గానీ ఫిర్యాదు మారదు. అందుకే ఈసారి అన్నీ ఒకచోట.

*“20,000 ఎంఏహెచ్ సోలార్ పవర్ బ్యాంకు కొన్నాను. గండికోటలో రెండు రాత్రులు ఇద్దరి ఫోన్లకూ వస్తుందనుకుంటే రెండో రోజు మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. పొద్దున్నుంచీ ఎండలో పెట్టినా ఒక్క చుక్క లైటు కూడా పెరగలేదు. పాడైందా సార్?” – వైట్‌ఫీల్డ్ నుంచి*

పాడవలేదండి. దాని శక్తే అంత. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 20,000 లోపలి సెల్స్ లెక్క, అదీ 3.7 వోల్టుల దగ్గర. అంటే 74 వాట్ అవర్లు (నిల్వ ఉన్న శక్తికి కొలత). ఫోన్‌కు ఇవ్వాలంటే వోల్టేజీ పెంచాలి, అక్కడ కొంత పోతుంది. ఫోన్ వేడెక్కడంలో ఇంకొంత పోతుంది. చివరికి బ్యాటరీలోకి చేరేది 45 నుంచి 50 వాట్ అవర్లు. మీ 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకసారి నిండడానికి సుమారు 19 కావాలి. కాబట్టి నాలుగుసార్లు అనుకున్నది రెండున్నర సార్లవుతుంది. ఈ సంగతి పవర్ బ్యాంకు వెనక చీమతలంత అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని రాసే ఉంటుంది. 20,000 దానికి 12,000 చిల్లర కనిపిస్తుంది. కొనేటప్పుడు చూడాల్సిన అంకె అదొక్కటే. దాని పక్కనే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద నమోదైందో వస్తుంది. రాకపోతే ఆ వస్తువును టెంటులో తల పక్కన పెట్టుకుని పడుకోకండి.

ఇక ఆ సోలార్ పలక. దాని వైశాల్యం చేతి అరచేతంత, సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు దాని మీద పడేదే 10 వాట్లు. అందులో ఐదో వంతు కరెంటుగా మారితే గొప్ప. అంటే రెండు వాట్లు, అదీ సూర్యుడికి ఎదురుగా తిప్పుతూ కూర్చుంటే. 74 వాట్ అవర్లు నిండాలంటే మంచి ఎండలో వారం దగ్గర పడుతుంది. ఈలోగా నల్ల ప్లాస్టిక్ డబ్బాలో లిథియం సెల్స్ బండరాయి మీద ఉడుకుతుంటాయి. 45 డిగ్రీలు దాటిన సెల్‌ను ఛార్జ్ చేయడం దాని ఆయుష్షు కోయడమే. పలక, టార్చి, దిక్సూచి, ఈల అన్నీ ఒకే డబ్బాకు అతికించి అమ్మే ఈ రకం సరుకు మీద నాకు గౌరవం లేదు. పలక లేని 10,000వి రెండు కొనండి. ఒకటి తడిసినా పోయినా రెండోది ఉంటుంది.

ఇదే విషయంలో ఇంకో ఫిర్యాదు కూడా తరచూ వస్తుంది: చిన్న దీపాల తీగో, వాచీయో తగిలిస్తే అర నిమిషంలో పవర్ బ్యాంకు ఆరిపోతోందని. అవి లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో, ఏమీ తగిలించలేదనుకుని అది నిద్రపోతుంది. కొన్నిటిలో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు మోడ్ వస్తుంది. మీ దాంట్లో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

*“గండికోటలో టెంట్ స్టే అని వెతికితే నంబరు దొరికింది. ఎనిమిది మందిమి, సగం అడ్వాన్సు క్యూఆర్‌కు వేశాం. అందరి ఆధార్‌లూ అడిగితే, అతన్నీ చేర్చుకున్న వాట్సాప్ గ్రూపులో పంపాం. తర్వాత ‘బుకింగ్ కన్ఫర్మేషన్’ అని ఒక ఫైలు వచ్చింది. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది. ఇప్పుడు ఆ నంబరు ఎత్తట్లేదు.” – బెల్లందూరు నుంచి*

ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. మిగతాది తర్వాత చదవండి.

ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉండి ఉంటుంది, అంటే నొక్కగానే ఫోన్లో యాప్ దించే ఫైలు. టికెట్టు అనేది పీడీఎఫ్‌గానో బొమ్మగానో వస్తుంది. ఏ క్యాంపువాడూ టికెట్టు ఇవ్వడానికి మీ ఫోన్లో యాప్ దించక్కర్లేదు. ఆ యాప్ అడిగే అనుమతులు సాధారణంగా రెండు: ఎస్ఎంఎస్‌లు చదవడం, నోటిఫికేషన్లు చూడడం. అవి ఇచ్చారంటే మీ బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు వాడి చేతిలో ఉంటుంది.

ఇంకొకరి ఫోన్ నుంచి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి, మీ బ్యాంకుకి వెంటనే చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారకముందే ఆపాలి కాబట్టి ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి దాన్ని తీసేయండి. ‘అన్‌ఇన్‌స్టాల్’ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే అది డివైస్ అడ్మిన్‌గా, అంటే ఫోన్ మీద పెత్తనం ఉన్న యాప్‌గా చేరిపోయిందని అర్థం. సెక్యూరిటీలో డివైస్ అడ్మిన్ యాప్స్ జాబితా తెరిచి దాని టిక్కు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. జాబితాలో పేరు లేకుండా ఖాళీ బొమ్మతో ఉన్న యాప్ కనిపిస్తే అదే అయ్యుండొచ్చు. నా మాట వినేటట్టయితే తీసేసి ఊరుకోకండి, ఫోటోలు మాత్రం దాచుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేయండి. పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి తెలియనివి తొలగించండి. డయలర్‌లో రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ హ్యాష్ కొట్టి కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దు చేయండి. ఫోన్‌లో చెప్పే ఓటీపీలను దారి మళ్లించడానికి దీన్ని కూడా వాడుకుంటారు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ ఎనిమిది ఆధార్‌లు. అడ్వాన్సు పోతే ఒక్కసారే పోతుంది, ఆధార్ నంబరు మార్చుకోలేం. ముందూ వెనకా ఫోటోలు, అందులో పుట్టిన తేదీ, చిరునామా, ముఖం. ఇవి చేతులు మారి ఎవరి పేరు మీద ఏ సిమ్‌గా, ఏ లోన్‌గా తేలతాయో తెలియదు. బస చేసే చోట గుర్తింపు కార్డు అడగడం మామూలే, తప్పు లేదు. కానీ ముందుగా వాట్సాప్‌లో, అదీ క్యాంపువాడిని కూడా చేర్చుకున్న గ్రూపులో, ఎనిమిది మందివీ పరిచేయడమేమిటి? ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో ‘మాస్క్‌డ్ ఆధార్’ దొరుకుతుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. కాపీ ఇవ్వాల్సి వస్తే అదివ్వండి. దాని మీద ఫలానా చోట, ఫలానా తేదీ బసకు మాత్రమే అని అడ్డంగా రాయండి. అసలు కార్డు చేరాక చూపిస్తే చాలు. మీ ఎనిమిది మందీ ఈ రాత్రే యూఐడీఏఐ సైటులో బయోమెట్రిక్ లాక్ వేసేయండి. వేలిముద్రతో డబ్బు తీసే మోసానికి ఆ తాళం అడ్డు.

కర్ణాటక అటవీ శాఖ ట్రెక్కుల టికెట్లకూ ఇదే జాగ్రత్త. ఆ శాఖ సొంత సైటు ‘అరణ్య విహార’, చిరునామా కర్ణాటక డాట్ జీఓవీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. వెతికినప్పుడు పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చేవాటిని దాటి కిందికి రండి. క్యూఆర్ స్కాన్ చేశాక కనిపించే పేరు కూడా చదవాలి. క్యాంపు పేరు ఒకటి, డబ్బు తీసుకునే మనిషి పేరు ఇంకొకటైతే ఫోన్ చేసి అడగండి. డబ్బు వెనక్కివ్వడానికి పిన్ కొట్టమన్నవాడు దొంగ, ఇందులో రెండో ఆలోచన లేదు.

*“ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకునే వెళ్లాం. సావనదుర్గ ఎక్కుతుంటే అది నడక దారి చూపించలేదు. ఇంకో యాప్‌లో మా దారి రికార్డు పెడితే ఇరవై నిమిషాలకే ఆగిపోయింది. దిగేటప్పుడు దారి తప్పాం. జీపీఎస్‌కు సిగ్నల్ ఉండాలా?” – మారతహళ్లి నుంచి*

జీపీఎస్‌కు టవర్ అక్కర్లేదు. సిమ్ తీసేసినా, ఏరోప్లేన్ మోడ్ పెట్టినా ఉపగ్రహాల లెక్క నడుస్తుంది. ఆకాశం కనిపిస్తే చాలు. నెట్ లేకపోతే మొదటిసారి చోటు పట్టడానికి మాత్రం ఆలస్యమవుతుంది, అందుకని కారు దిగిన చోటే, సిగ్నల్ ఉండగానే ఒకసారి మ్యాప్ తెరవండి. గండికోటలాంటి చోట పెన్నా లోయ గోడలకు తగిలి సంకేతాలు తిరిగొస్తాయి, నీలం చుక్క అవతలి ఒడ్డుకు దూకినా కంగారు పడొద్దు. అంచుకు ఎంత దూరంలో ఉన్నారో తెలుసుకోవడానికి మాత్రం ఆ చుక్కను నమ్మకండి.

మన అందరి ఫోన్లలో ఉండే గూగుల్ మ్యాప్ ఆఫ్‌లైన్‌లో కారు దారే చెబుతుంది, నడక దారి చెప్పదు. కొండకు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ (జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్) ఆధారంగా నడిచే యాప్ వేసుకోండి. అందులో కాలిబాటలు, ఎత్తు గీతలు ఉంటాయి. దారి ఫైలు జీపీఎక్స్ రూపంలో దొరికితే ముందే ఎక్కించండి.

రికార్డింగ్ ఆగడానికి కారణం ‘బ్యాటరీ ఆదా’. తెర ఆరిపోగానే వెనక నడిచే యాప్ గొంతు నొక్కేస్తుంది ఫోన్. అడగదు, చెప్పదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి, లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ చేయండి, ఇటీవలి యాప్‌ల వరుసలో దానికి తాళం గుర్తు పెట్టండి. అప్‌డేట్ వచ్చాక ఈ మూడూ మళ్లీ చూడాలి, కొన్ని ఫోన్లు వాటిని మొదటికి తెచ్చేస్తాయి. ఆపైన ఏడాదికి రెండుసార్లు మాత్రమే తెరిచే యాప్ కదా, నెలల తరబడి వాడలేదని దాని అనుమతులన్నీ ఫోన్ దానంతటదే తీసేసి ఉంటుంది. ఆదివారం ఉదయం లాల్‌బాగ్ బండ మీద గంటసేపు ఏరోప్లేన్ మోడ్‌లో, తెర ఆర్పి, జేబులో పెట్టుకుని నడవండి. గీత తెగకుండా వస్తేనే కొండకు తీసుకెళ్లండి.

అడిగింది ఇంతే గానీ, అసలు సంగతి వేరే ఉంది. ఈ యాప్‌లు చేసేవాళ్లు ఏ రింగు రోడ్డు పక్కన ఏసీ గదిలో, వైఫై కింద కూర్చుని చేస్తారు. సిగ్నల్ లేకపోవడమనేది ఒక స్థితి అని వాళ్ల ఊహకే రాదు. టార్చి యాప్‌కు లాగిన్ ఎందుకు? అప్పటికే డబ్బు కట్టి దించుకున్న మ్యాప్ ‘మీ సభ్యత్వం సరిచూసుకుంటున్నాం’ అని గుండ్రంగా తిరగడమెందుకు? గేటు దగ్గర చూపించాల్సిన టికెట్టు తెరవాలంటే ఓటీపీ, ఓటీపీ రావాలంటే టవర్, టవర్ ఉండాలంటే వెనక్కి ఆరు కిలోమీటర్లు. పాత నోకియా టార్చికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు మనం చేయగలిగింది ఒకటే. బయల్దేరే ముందు రోజు ఇంట్లో నెట్ ఆపి, కావలసిన ప్రతి యాప్‌నూ తెరిచి చూడడం. తెరుచుకోనిదాన్ని మళ్లీ నెట్ పెట్టి స్క్రీన్‌షాట్ తీయడం. ఆ రాత్రి ఏ అప్‌డేట్‌కూ సరే అనకపోవడం.

*“అమెరికాలో ఉన్న మా అబ్బాయి శాటిలైట్‌తో మెసేజీలు పంపే చిన్న పరికరం తెస్తానంటున్నాడు. సిగ్నల్ లేని కొండల్లో వాడొచ్చా?” – కోరమంగల నుంచి*

వద్దనండి, గట్టిగా. లైసెన్సు లేని శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసెంజర్లు మన దేశంలో నిషిద్ధం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం దగ్గర్నుంచి వస్తున్న నియమం ఇది. విమానాశ్రయంలో బ్యాగులో దొరికి కేసుల పాలైన విదేశీ ట్రెక్కర్లు ఉన్నారు. అక్కడ అంగడిలో ఎవరైనా కొనొచ్చు కాబట్టి ఇక్కడా ఫర్వాలేదనుకుంటారు పిల్లలు. వాకీటాకీలు కావాలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, ఆమోదం పొందిన తక్కువ శక్తివి లైసెన్సు లేకుండా వాడొచ్చు. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగలిగే చవక రేడియోలు ఆ కోవలోకి రావు.

ఆపద వస్తే 112. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకున్నా ఇంకో కంపెనీ టవర్ అందితే ఆ కాల్ వెళ్తుంది. కాల్ నిలబడని చోట ఇంట్లోవాళ్లకు ఎస్ఎంఎస్ పెట్టండి, అది చిన్న సందులోంచి కూడా దూరుతుంది. అందులో మీరున్న చోటు అంకెలు ఐదు దశాంశాల వరకు రాయండి, మీటరు తేడాలో చోటు తెలుస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల 12తోనో 13తోనో మొదలయ్యేది అక్షాంశం, 77తోనో 78తోనో మొదలయ్యేది రేఖాంశం. కంగారులో తారుమారు చేస్తే మిమ్మల్ని వెతకాల్సిన చోటు ఆర్కిటిక్‌లో తేలుతుంది. మిగతా సమయమంతా ఏరోప్లేన్ మోడ్. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం అరిచి అరిచి బ్యాటరీ తాగేస్తుంది.

*“గండికోట కోట మీద డ్రోన్ ఎగరేయొచ్చా? 249 గ్రాములదే.” – ఎలక్ట్రానిక్ సిటీ*

250 గ్రాముల లోపుదానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ ఆ కోట పురావస్తు శాఖ రక్షిత కట్టడం. అనుమతి లేకుండా బ్యాగులోంచి తీయకండి.

*“కారు 12 వోల్టుల సాకెట్టుకు ఇన్వర్టర్ తగిలించి ఇంట్లో వాడే ఎలక్ట్రిక్ కెటిల్ పెడితే టక్కున ఆగిపోయింది. ఇప్పుడు ఫోన్ ఛార్జర్ కూడా పనిచేయట్లేదు.” – కేఆర్ పురం*

ఫ్యూజు పోయింది. ఆ సాకెట్టుకు ఉండేది మామూలుగా 10 లేదా 15 ఆంపియర్లు, అంటే 120 నుంచి 180 వాట్లు. మీ కెటిల్ 1,500 వాట్లు, దానికి 125 ఆంపియర్లు కావాలి. కారుకని అమ్మే 120 వాట్ల కెటిల్ ఉంది గానీ, అర లీటరు నీళ్లు మరగడానికి అరగంట దాకా పడుతుంది. ఇంజిన్ ఆపి రెండుసార్లు టీ పెట్టుకుంటే పొద్దున్నే బండి తోయించుకోవాల్సి రావచ్చు. దారిలో హోటల్లో మరిగిన నీళ్లు స్టీలు ఫ్లాస్కులో పట్టించుకోండి. గ్యాస్ పొయ్యి పెడితే టెంటు బయటే. మూసిన టెంటులో పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఫ్యూజు బాక్సు మూత లోపల ఏది ఏ సాకెట్టుదో బొమ్మ ఉంటుంది. అదే ఆంపియర్లది కొత్తది పెట్టండి. ఇకముందు పోకూడదని 30 ఆంపియర్లది పెట్టారో, ఈసారి కాలేది వైరు.