రోగుల ఎఫ్‌ఏ ఎక్కువ వచ్చిందా? ముందు ఫైళ్ల వరస చూడు

అనంతపురం

చిరంజీవి శిరీషకు ఆశీస్సులు.

కర్నూలు నుంచి నువ్వు పంపిన బొమ్మలు చూశాను. మెదడు ఎంఆర్‌ఐ స్కాన్లలో, తెల్ల పదార్థంలో ఎఫ్‌ఏ (నీటి కదలిక ఎంతగా ఒకే దిక్కుకు మొగ్గిందో చెప్పే కొలత) పేషెంట్లకు తగ్గాల్సింది పోయి పెరిగిందని టెన్షన్ పడుతున్నావు. థీసిస్‌లో రాయడానికి కారణం వెతుకుతున్నానన్నావు చూడు, ఆ పని ఆపు. కారణం తప్పకుండా దొరుకుతుంది. భయమంతా అదే.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2006లో ప్రకటించిన టీబీఎస్‌ఎస్ అనే విశ్లేషణ పద్ధతి అందరి ఎఫ్‌ఏ మ్యాపులనూ ఫైలు పేర్ల అక్షరక్రమంలో పేరుస్తుంది. ఆ క్రమంలో 10వ నంబరు 2 కంటే ముందొస్తుంది. ఎవరు ఏ గుంపో, ఎవరి వయసెంతో రాసుకున్న నీ డిజైన్ ఫైలేమో ఎక్సెల్ వరసలో ఉండొచ్చు. బంతిలో ఆకులు ఒక వరసలో వేసి, పేర్లు ఇంకో వరసలో పిలిచినట్టు ఒకరి వయసు ఇంకొకరి మెదడుకు తగులుకుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. ఇంకో సంగతి, కంట్రోల్ (పోల్చడానికి తీసుకున్న, ఆ జబ్బు లేనివాళ్లు) అనే పేరు సి తోనూ పేషెంట్ అనేది పి తోనూ మొదలవుతాయి కదా, కంట్రోళ్లే ముందుంటారు. నువ్వు మొదటి వరసలు పేషెంట్లవని రాసి ఉంటే ఫలితం తలకిందులే. పేర్లలో 01, 02 అని సున్నా పెట్టుకో.

గుంపుల మధ్య తేడాను పరీక్షించే రాండమైజ్ ప్రోగ్రాము ఇచ్చే కరెక్టెడ్ బొమ్మలో ఉండేది పి విలువ కాదు, ఒకటిలోంచి పి తీసేయగా మిగిలింది. కాబట్టి 0.95 పైనున్నదే చూడు.

పేషెంట్లను కర్నూలులో, కంట్రోళ్లను కడపలో స్కాన్ చేయించలేదు కదా? అలా చేస్తే మెషీన్ల తేడానే జబ్బులా కనిపిస్తుంది, దాన్ని తర్వాత విడదీయడం మహా కష్టం. సిగ్నల్ బలహీనంగా ఉన్న స్కాన్లలో నాయిస్ కూడా ఎఫ్‌ఏను పెంచుతుంది.

తంతువుల ప్రధాన దిక్కు చూపే వీ1 బొమ్మను రంగుల్లోనే కాదు, గీతలుగా పెట్టి చూడు. బి-వెక్టర్లలో (స్కాన్ కొలిచిన దిక్కుల జాబితాలో) ఒక అక్షం గుర్తు తిరగబడితే ఎఫ్‌ఏ మారదు, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసం ఎర్రగానే ఉంటుంది, గీతలే దారి తప్పుతాయి. ఇప్పటి లెక్కకు నష్టం లేదు గానీ, ఆ గీతల వెంట నాడీమార్గాలు గీసే ట్రాక్టోగ్రఫీ మొదలుపెడితే మునిగిపోతావు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఎక్కువే వస్తే, అప్పుడు మెదడు సంగతి ఆలోచిద్దాం. సెంట్రమ్ సెమీఓవేల్ లాంటి, నాడీతంతువులు ఒకదాన్నొకటి దాటే చోట ఒక దారి దెబ్బతింటే, మిగిలినదే బలంగా కనిపించి ఎఫ్‌ఏ పెరుగుతుంది. ఎండీ (నీటి సగటు కదలిక) కూడా చూడు. అంతేగాని, నచ్చిన జవాబు వచ్చేదాకా సెట్టింగులు మార్చి మార్చి నడపకు.

డిజైన్ ఫైలూ, ఎఫ్‌ఏ ఫోల్డర్‌లోని పేర్ల జాబితా రెండూ నాకు పంపు. అవి సరిచూసేదాకా మీ గైడుకు ఏ బొమ్మా చూపించొద్దు.

మీ మామయ్య