పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్ దొరికిన కోచ్‌కు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి కార్తీక్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. గత సీజనంతా ఓటములతోనే గడిపిన మీ స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఈ ఏడాది అఫెన్స్ (బంతితో ముందుకు సాగే దాడి) బాధ్యత నీకు అప్పగించారనీ, ముందు నిలబడి అడ్డుకునే లైన్ ఎప్పటిలాగే బలహీనంగా ఉన్నా పదకొండో తరగతి కుర్రాడొకడు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా వస్తున్నాడనీ, అతణ్ణి పట్టుకోవడం మీ డిఫెన్స్ కుర్రాళ్లకే సాధ్యం కావడం లేదనీ నువ్వు రాసినదంతా చదివాను. టెక్సస్ స్కూళ్లలో పగలు లెక్కలు చెబుతూ, సాయంత్రాలు అఫెన్స్ కోచ్‌గా మైదానంలో చాలా ఏళ్లు నిలబడినవాణ్ణి కాబట్టి, నువ్వు అడిగినదానికి కొంత వివరంగానే జవాబు రాస్తున్నాను.

ఇలాంటి కుర్రాడు దొరకగానే ఏ కోచ్‌కైనా ముందు పుట్టే కోరిక, బంతి అతని చేతిలో పెట్టి పరుగెత్తమనడం. రెండు మూడు ఆటల దాకా అది పనిచేస్తుంది. ఆ తరువాత ఎదుటి జట్లు వీడియో చూసుకుని సిద్ధపడతాయి, కుర్రాడికి దెబ్బలు తగలడం మొదలవుతుంది, మీ అఫెన్స్ మళ్లీ పాత చోటికే వచ్చి కూర్చుంటుంది. అతను పరుగెత్తి సంపాదించే గజాలకన్నా, పరుగెత్తుతాడేమోనన్న సందేహంతో డిఫెన్స్ వాళ్లు తడబడే అర క్షణం విలువైనది. ఆ అర క్షణాన్ని మిగిలిన పదిమందికీ ఎలా పంచిపెట్టాలో ఆలోచించు, నీ ప్లేబుక్ (ఆడే ఎత్తుగడల పుస్తకం) అంతా దాని చుట్టూ అల్లుకో.

లెక్కల మాస్టారిని కనుక లెక్కతోనే మొదలుపెడతాను. మామూలు పరుగు ప్లేలో క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చేసి నిలబడి చూస్తాడు. బంతి పట్టుకున్నవాడు ఒకడు, బ్లాక్ చేసేవాళ్లు తొమ్మిదిమంది, అవతల పదకొండుమంది. తొమ్మిదిమందిని ఆపినా ఇద్దరు మిగులుతారు. నిలబడి చూసే ఆ క్వార్టర్‌బ్యాక్ బంతితో తానే వెళ్లిపోగలడని తెలిస్తే, ఆ ఇద్దరిలో ఒకడు అతని కోసం ఆగక తప్పదు. ఇక మిగిలేవాడు ఒక్కడే, అతను చాలాసార్లు పది పన్నెండు గజాల వెనుక ఉండే సేఫ్టీ అనే ఆఖరి కాపలాదారు. బలమైన లైన్ ఉన్న జట్టుకు ఈ తేడా అదనపు లాభం మాత్రమే, కానీ మీలాంటి జట్టుకు ఆట మొత్తం ఇదే, ఎందుకంటే మీ లైన్‌మన్‌లు ఓడిపోయే పోట్లాటల్లో ఒకటి అసలు జరగకుండా పోతుంది.

ఈ లెక్కను మైదానంలో పెట్టే తేలికైన ప్లే జోన్ రీడ్. 1990ల తొలి సంవత్సరాల్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రోడ్రిగెజ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో, బంతి చేతులు మారడంలో తడబాటు జరిగి, క్వార్టర్‌బ్యాక్ ఎదురుగా డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ వరుస అంచున ఉండేవాడు) లోపలికి దూసుకుపోవడం చూసి బంతి తనే ఉంచుకుని బయటికి పరుగెత్తాడట. దాన్ని పొరపాటుగా కొట్టిపారేయకుండా ప్లేగా మలచుకోవడమే ఆ కోచ్ గొప్పతనం. ఆ ఎండ్‌ను ఎవరూ బ్లాక్ చేయరు. అతణ్ణి వదిలేసిన టాకిల్ (మన లైన్ చివరివాడు) ముందుకు వెళ్లి లైన్‌బ్యాకర్‌ను (డిఫెన్స్ వరుస వెనుక నిలిచేవాణ్ణి) పట్టుకుంటాడు. ఎండ్, బంతి తీసుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ మీదికి వస్తే క్వార్టర్‌బ్యాక్ బంతి ఉంచుకుంటాడు, ఎండ్ కదలకుండా నిలబడితే బ్యాక్‌కు ఇచ్చేస్తాడు. ఏం చేసినా ఆ ఎండ్‌కు ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

నేర్పేటప్పుడు కుర్రాడి బుర్రలో పెద్ద సిద్ధాంతాలు పెట్టకు. ఎండ్ భుజాలను మాత్రమే చూడమను. భుజాలు లోపలికి తిరిగితే ఉంచుకోవాలి, తన వైపే ఉంటే ఇచ్చేయాలి, అనుమానం వస్తే తప్పక ఇచ్చేయాలి. రన్నింగ్ బ్యాక్ చేతుల్లో బంతి ఉన్న ఆ చిన్న క్షణంలో ఇద్దరూ దాన్ని లాక్కుంటే బంతి జారి ఫంబుల్ అవుతుంది కనుక, లాగే అధికారం క్వార్టర్‌బ్యాక్‌కే ఉంటుందని, బ్యాక్ చేతులు మెత్తగా ఉంచాలని మొదటి రోజే చెప్పు. వారాల తరబడి ఎండ్ స్థానంలో నువ్వే నిలబడి, ఒకసారి లోపలికి వెళ్లి ఒకసారి ఆగి, ఈ ఒక్క నిర్ణయాన్ని వందలసార్లు చేయించు. రెండు పదుల ప్లేలు సగం సగం నేర్చుకున్న జట్టు కన్నా నాలుగు ప్లేలు నిద్రలో లేపి అడిగినా చేయగల జట్టు మేలు.

దీనికి నేను చూసిన ఉదాహరణల్లో 2018లో వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన బాల్టిమోర్ రేవెన్స్‌కు సాటి లేదు. వరుసగా మూడు ఓడి 4-5 (నాలుగు గెలుపులు, ఐదు ఓటములు) దగ్గర నిలిచిన ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో తుంటికి గాయం కావడంతో, డ్రాఫ్టులో (కాలేజీ కుర్రాళ్లను జట్లు ఎంచుకునే చోట) మొదటి రౌండ్ చివరి ఎంపికగా వచ్చిన లమార్ జాక్సన్ చేతికి అఫెన్స్ వచ్చింది. పాస్‌లు అందుకునే రిసీవర్‌గా ఆడమని డ్రాఫ్టుకు ముందు పెద్దలు కొందరు సలహా ఇచ్చిన కుర్రాడు అతను. మిగిలిన ఏడు ఆటల్లో ఆరు గెలిచి జట్టు 10-6తో డివిజన్ గెలుచుకుంది. అందరూ జాక్సన్ పరుగుల గురించే మాట్లాడతారు గానీ, నువ్వు గస్ ఎడ్వర్డ్స్‌ను చూడు. డ్రాఫ్టులో ఏ జట్టూ ఎంచుకోని ఆ రన్నింగ్ బ్యాక్, జాక్సన్ మొదలుపెట్టిన తొలి ఆటలోనే వంద గజాలు దాటి, ఏడాది చివరికి 718 గజాలు పరుగెత్తాడు. లైన్ అదే, బ్యాక్ అనామకుడు, దారులు మాత్రం కొత్తగా తెరుచుకున్నాయి, ఎందుకంటే అంచున ఉన్న డిఫెండర్ జాక్సన్ కోసం ఆగిపోయాడు.

ఆ మరుసటి సంవత్సరం వాళ్లు చేసిందే నీకు అసలు పాఠం. గ్రెగ్ రోమన్‌ను అఫెన్స్ కోఆర్డినేటర్‌గా పెట్టి, జాక్సన్‌ను పాత ప్లేబుక్‌లో ఇరికించకుండా ప్లేబుక్‌నే అతని చుట్టూ మళ్లీ కట్టారు. ముగ్గురు టైట్ ఎండ్‌లు (లైన్ పక్కన నిలిచి అడ్డుకోవడం, పాస్ అందుకోవడం రెండూ చేసేవాళ్లు), దారి తెరిచే ఫుల్‌బ్యాక్‌గా పాట్రిక్ రికార్డ్, మార్క్ ఇన్‌గ్రమ్ వంటి బ్యాక్ కలిసి జట్టు మొత్తం 3,296 గజాలు పరుగెత్తి లీగ్ రికార్డు సృష్టించారు, 14-2తో సీజన్ ముగించారు. జాక్సన్ 1,206 గజాలు పరుగెత్తడమే కాక 36 టచ్‌డౌన్ పాస్‌లు (గీత దాటి స్కోరు తెచ్చేవి) విసిరి ఏకగ్రీవంగా ఎంవీపీ (ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు. పరుగు భయంతో లైన్‌బ్యాకర్లు రెండడుగులు ముందుకు వేసినప్పుడల్లా వాళ్ల వెనుక ఖాళీలో టైట్ ఎండ్ మార్క్ ఆండ్రూస్ బంతి అందుకుంటూ కనిపించేవాడు.

అక్కణ్ణుంచే నీ పాసింగ్ ఆట కూడా పుట్టాలి. జోన్ రీడ్ లాగే మొదలై పాస్‌గా మారే ప్లే యాక్షన్, అందులో లైన్‌బ్యాకర్ల వెనుకకు టైట్ ఎండ్, లోపలి వైపు రిసీవర్ (స్లాట్) నుంచి ఏటవాలుగా లోపలికి కోసే స్లాంట్, అంతే చాలు మొదటి నెలకు. కుర్రాణ్ణి లైన్ వెనుక నిలబెట్టి మైదానమంతా చదవమంటే కంగారుపడతాడు కనుక, రోలౌట్ (ఒక పక్కకు పరుగెత్తుతూ విసరడం) ఇచ్చి సగం మైదానమే చూడమను: దగ్గర ఒకడు, మధ్యలో ఒకడు, ఎవరూ దొరక్కపోతే కాళ్లు. ఆర్‌పీఓ (పరుగో పాసో అప్పటికప్పుడు ఎంచుకునే ప్లే) కూడా పెట్టుకోవచ్చు, కానీ టెక్సస్ స్కూళ్ల ఆట కాలేజీ నిబంధనల ప్రకారం సాగుతుంది కాబట్టి పాస్ విసిరేలోపు ముందుకు వెళ్లడానికి నీ లైన్‌మన్‌లకు మూడు గజాల వెసులుబాటు మాత్రమే ఉందని గుర్తుంచుకో. బంతి ఆలస్యంగా విసిరే అలవాటున్న క్వార్టర్‌బ్యాక్‌తో ఆ మూడు గజాలు ఇట్టే దాటిపోతాయి, తప్పుకు జెండా పడుతుంది.

అతను పాకెట్ (లైన్ వెనుక రక్షణ వలయం) వదిలి పరుగెత్తినప్పుడు రిసీవర్లు నిలబడి చూడకుండా ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించు. దూరంగా వెళ్లినవాడు వెనక్కి రావాలి, దగ్గర ఉన్నవాడు లోతుకు వెళ్లాలి, అవతలి వైపు ఉన్నవాడు బంతి వైపు అడ్డంగా రావాలి. ప్రతి ప్రాక్టీసు చివర పది నిమిషాలు దీనికే కేటాయించు. రిసీవర్లకు ఇంకో కష్టమైన మాట కూడా చెప్పాల్సి ఉంటుంది. ఈ అఫెన్స్‌లో వాళ్లకు బంతి తక్కువగా వస్తుంది, బ్లాక్ చేసే పని ఎక్కువగా ఉంటుంది. బయట కాపలా కాసే కార్నర్‌ను అడ్డుకోలేని రిసీవర్ ఉంటే ఎనిమిది గజాల పరుగు ఎప్పటికీ నలభై గజాలు కాదు. ఇది వాళ్లతో, అవసరమైతే వాళ్ల తల్లిదండ్రులతో ఆగస్టులోనే మాట్లాడేయి, అక్టోబరులో మాట్లాడితే గొడవ అవుతుంది.

డిఫెన్స్ చేతులు ముడుచుకుని కూర్చోదు. మొదట వచ్చే జవాబు స్క్రేప్: ఎండ్ కావాలనే లోపలికి దూకి క్వార్టర్‌బ్యాక్‌కు బంతి ఉంచుకోమని ఆశ చూపుతాడు, లైన్‌బ్యాకర్ వెనుక నుంచి తిరిగి వచ్చి బయట కాచుకుంటాడు. దానికి విరుగుడుగా టైట్ ఎండ్‌ను ఎండ్ చుట్టూ తిప్పి ఆ లైన్‌బ్యాకర్ మీదికే పంపించు. మనిషిని మనిషి కాపలా కాస్తే వాళ్లు వెన్ను చూపించి పరుగెత్తుతారు కనుక నీ కుర్రాడికి ఖాళీ దొరుకుతుంది, అందుకే నీకు చోటును కాపలా కాసే జోన్ కవరేజ్ ఎక్కువగా ఎదురవుతుంది. నీ కుర్రాణ్ణే కాచుకుని ఉండే స్పైగా ఎవరినైనా పెడితే, మధ్యలో అతని మీదికి దూకేవాడో, పాస్‌లను కాసేవాడో ఒకడు తగ్గాడని అర్థం.

ఈ విషయంలో 2018 సీజన్ ప్లేఆఫ్‌లో లాస్ ఏంజెలెస్ చార్జర్స్ చేసిన పని వీడియో దొరికితే తప్పక చూడు. రెండు వారాల ముందు రేవెన్స్ చేతిలో ఓడిన ఆ జట్టు, దాదాపు ప్రతి ప్లేలోనూ పాస్‌లను కాసే డిఫెన్సివ్ బ్యాక్‌లను ఏడుగురిని దింపి, లైన్‌బ్యాకర్లకు బదులు వేగం ఉన్నవాళ్లతో అంచులు మూసి, 23-17తో గెలిచింది. అలాంటి తేలికైన డిఫెన్స్ ఎదురైనప్పుడు తిన్నగా మధ్యలోంచి బలంగా కొట్టే పరుగు ప్లే నీ దగ్గర ఒకటి సిద్ధంగా ఉండాలి. పైగా రెండు టచ్‌డౌన్‌లు వెనకబడితే ఈ రకం అఫెన్స్‌కు ఊపిరాడదు. 14-2తో ముగించిన ఆ రేవెన్స్ జట్టే 2020 జనవరిలో టెనెసీ టైటన్స్ ముందు వెనకబడి, జాక్సన్ చేత 59 పాస్‌లు విసిరించి 28-12తో ఓడిపోయింది. కనుక బంతి చేతికి వచ్చే మొదటి రెండు డ్రైవ్‌లకు నీ ఉత్తమమైన ప్లేలు దాచుకోకుండా వాడు.

కుర్రాడి కాళ్లు మీ లైన్ లోపాలన్నిటినీ కప్పేస్తాయనే ఆశ పెట్టుకోవద్దు. 2022లో షికాగో బేర్స్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గజాలు పరుగెత్తింది, క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ ఒక్కడే 1,143 గజాలు సాధించాడు, అయినా జట్టు 3-14తో ముగిసింది. పాస్ విసరకముందే పట్టుబడి అతను 55 సార్లు శాక్ అయ్యాడు. తప్పించుకోగలనన్న నమ్మకం ఉన్నవాడు బంతిని ఎక్కువసేపు పట్టుకుంటాడు, అది కొన్నిసార్లు అద్భుతం, చాలాసార్లు ఎనిమిది గజాల నష్టం. అందుకని ప్రాక్టీసులో గడియారం పెట్టి, మూడు సెకన్లలోపు విసరడమో, పరుగెత్తడమో, బయటికి పారేయడమో చేయాలని అలవాటు చేయించు. దీనికి భిన్నంగా ఫిలడెల్ఫియా ఈగల్స్ 2021లో 2-5 దగ్గర ఉండగా క్వార్టర్‌బ్యాక్ జాలెన్ హర్ట్స్‌తో పరుగు ఆట వైపు తిరిగి 9-8తో ప్లేఆఫ్‌కు చేరారు. మరుసటి ఏడాది రిసీవర్ ఎ.జె. బ్రౌన్‌ను తెచ్చి పాసింగ్‌ను పెంచాకే 14-3 అయ్యారు. పరుగు మొదటి ఏడాదిని నిలబెడుతుంది, రెండో ఏడాదికి పాస్ కావాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది కుర్రాడి ఒళ్లు. 2011లో 5-11గా ఉన్న వాషింగ్టన్ జట్టు 2012లో క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ రాకతో 10-6 అయింది, ఆరో రౌండ్‌లో తీసుకున్న ఆల్‌ఫ్రెడ్ మోరిస్ అనే బ్యాక్ అతని పక్కన 1,613 గజాలు పరుగెత్తాడు. డిసెంబరులో గ్రిఫిన్ మోకాలికి దెబ్బ తగిలింది, అయినా ఆడించారు, 2013 జనవరిలో సియాటిల్‌తో ప్లేఆఫ్‌లో ఆ మోకాలే పూర్తిగా దెబ్బతింది. ఆ తరువాతి సీజన్‌లో జట్టు 3-13. వాళ్లు డబ్బు తీసుకుని ఆడే పెద్దవాళ్లు, నీ దగ్గర ఉన్నది పదహారేళ్ల పిల్లవాడు. ఆటకు ముందే అతని కోసం కావాలని పిలిచే పరుగులు ఎన్నో కాగితం మీద రాసుకో, ఎనిమిది దాటనీయకు, జోన్ రీడ్‌లో అతను ఉంచుకున్నవి కూడా అందులోనే లెక్కపెట్టు. కాళ్లు ముందుకు చాచి స్లయిడ్ అయితే ప్లే అక్కడితో ఆగిపోతుంది కనుక, తడి గడ్డి మీద ఆ స్లయిడ్‌నూ, గీత దాటి బయటికి వెళ్లడాన్నీ ఎదుటివాణ్ణి పడగొట్టడం నేర్పినంత శ్రద్ధగా నేర్పు. కుంటుతూ వచ్చి బాగానే ఉన్నానంటే నమ్మకు, ట్రెయినర్ మాటే ఆఖరిమాట, స్కోరు ఎంతున్నా సరే.

ఈ కారణంగానే రెండో క్వార్టర్‌బ్యాక్‌కు వేరే ప్లేబుక్ పెట్టవద్దని చెబుతున్నాను. అతను నెమ్మదైనవాడైనా అదే జోన్ రీడ్‌ను, అదే రోలౌట్‌ను వారానికి ఒక పూట నడిపించు. ఐదు గజాలే పరుగెత్తినా ఎండ్‌ను ఆపడానికి అవి సరిపోతాయి, లైన్ వాళ్లు కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు. మొదటి స్క్రిమేజ్ (సాధన పోటీ) అయ్యాక వీడియో పంపించు, నీ క్వార్టర్‌బ్యాక్‌ను కాదు, వెనుక వైపు టాకిల్ ఎండ్‌ను వదిలి ఎంత త్వరగా లైన్‌బ్యాకర్‌ను చేరుతున్నాడో అది ముందు చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న