మంచి ర్యాంకు ఉన్న కంపెనీ మీద కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మా చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌లో పనిచేసేది. సుమారు 19 నెలల క్రితం గుడ్డ కోసే మిషన్ తగిలి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. పని త్వరగా తెమలాలని బ్లేడు ముందుండే గార్డును అంతకు ముందే తీయించేశారు. సరుకంతా ఒక విదేశీ బ్రాండుకే వెళ్తుంది. మానవ హక్కుల విషయంలో ఆ బ్రాండుకి చాలా మంచి ర్యాంకు ఉందని చూసి, వాళ్ళే న్యాయం చేస్తారని నమ్మాం. వాళ్ళ ఫిర్యాదుల విభాగానికి ఆస్పత్రి కాగితాలన్నీ పంపి ఎదురు చూశాం. ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. ర్యాంకు అబద్ధమని చెప్పి బ్రాండు మీద, ర్యాంకు ఇచ్చిన సంస్థ మీద మోసం కేసు వేయవచ్చా? డబ్బు ఇవ్వకపోతే ర్యాంకు పోయేలా చేస్తామని ఒక ఉత్తరం రాయమని స్నేహితుడు అంటున్నాడు. చెల్లెలి చెయ్యి చూస్తే నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు రాసిన అయిదు పేజీల్లో నాలుగు ఆ ర్యాంకు గురించే ఉన్నాయి. నాకు కావలసిన ప్రమాదం తేదీ మాత్రం ఎక్కడా లేదు. 'సుమారు' అంటే కోర్టులో కుదరదు. గాయానికి పరిహారం అడగడానికి గడువు దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్ళు, ఇంకొన్నిచోట్ల మూడేళ్ళు. రెండేళ్ళ గడువు ఉన్నచోటైతే మీకు మిగిలింది అయిదు నెలలే. ఏడాది గడువైతే ఆలస్యాన్ని మన్నించే నిబంధన ఏదైనా ఉందేమో ఇవాళే వెతకాలి.

బ్రాండు ఉన్న దేశంలో కేసు వేస్తే గడువు కలిసొస్తుందని అనుకోవద్దు. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. వాళ్ళ తరఫున నలుగురు 2015లో ఆ ఫ్యాక్టరీ బట్టలకు ముఖ్య కొనుగోలుదారు, జర్మనీకి చెందిన 'కిక్' కంపెనీ మీద డార్ట్‌మండ్ కోర్టుకి వెళ్ళారు. ప్రమాదం జరిగింది పాకిస్తాన్‌లో కాబట్టి పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిపోయిందని 2019 జనవరిలో కోర్టు కేసు కొట్టేసింది. తప్పెవరిదన్న ప్రశ్న దాకా విచారణ వెళ్ళనే లేదు. ఇంకో సంగతి. ఆ ఫ్యాక్టరీకి మంటలు రేగడానికి కొద్ది వారాల ముందే ఎస్‌ఏ 8000 అనే కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది.

ఇక మీ ర్యాంకు. ఇలాంటి జాబితాలు ముఖ్యంగా కంపెనీ బయటపెట్టిన కాగితాలను చదివి మార్కులు వేస్తాయి. విధానం రాసుకుందా, బోర్డులో ఎవరికైనా బాధ్యత అప్పగించిందా, ఫిర్యాదుకి దారి పెట్టిందా అని చూస్తాయి. మీ చెల్లెలి టేబుల్ దగ్గర గార్డు ఉందో లేదో చూడడానికి ఎవరూ వెళ్ళరు. పైగా అన్ని విభాగాల మార్కులూ కలిపేస్తారు కాబట్టి, బాధితులకు పరిహారం ఇవ్వడంలో వెనకబడిన కంపెనీ కూడా కాగితాల బలంతో పైకి రావచ్చు. 2017లో కార్పొరేట్ హ్యూమన్ రైట్స్ బెంచ్‌మార్క్ అనే ఇలాంటి ర్యాంకుల సంస్థ మొదటి జాబితాలో 98 కంపెనీలకు మార్కులు వేస్తే, అన్నిటికన్నా పై గుంపులో నిలిచిన మూడింటిలో రియో టింటో అనే గనుల కంపెనీ ఒకటి. అదే కంపెనీ 2020 మే నెలలో ఆస్ట్రేలియాలో జూకన్ గార్జ్ గుహలను పేల్చేసింది. 46 వేల ఏళ్ళ కిందటే మనుషులు మసలిన చోటు అది. అక్కడి మూలవాసులకు పవిత్రమైనది. ఆ జాబితా అబద్ధం చెప్పిందని నేను అనను. అది కొలిచింది వేరు, మీరు దానిలో చదువుకున్నది వేరు.

అందుకే మోసం కేసు నిలవదని నా అభిప్రాయం. ఆ మాట నమ్మడం వల్లే నష్టం జరిగిందని మీరు రుజువు చేయాలి. చెల్లెలి వేళ్ళు పోయింది ర్యాంకు నమ్మినందుకు కాదు, గార్డు తీసేసినందుకు. మీ వాదన గార్డు దగ్గర మొదలవ్వాలి.

ర్యాంకుని పక్కన పెట్టి, దాని వెనక ఉన్న కాగితాలు పట్టుకోండి. అవి పనికొస్తాయి. జాంబియాలో రాగి గని వల్ల నీళ్ళు పాడయ్యాయని గ్రామస్తులు వేదాంత కంపెనీ మీద బ్రిటన్‌లో వేసిన కేసులో, అనుబంధ సంస్థల మీద తనకున్న అజమాయిషీ గురించి కంపెనీ ప్రచురించుకున్న మాటలనే 2019లో అక్కడి సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకుని కేసు ముందుకు నడవనిచ్చింది. అక్కడ ప్రతివాది మాతృసంస్థ. మీ బ్రాండు కొనుగోలుదారు కాబట్టి మీకు దారి ఇంకా కష్టం. అయినా "మా సప్లయర్ల దగ్గర మిషన్ల భద్రత మేమే తనిఖీ చేస్తాం" అని వాళ్ళ నివేదికలో ఉంటే, ఆ పేజీ వంద ర్యాంకుల పెట్టు. వెబ్‌సైట్ మార్చేలోపే తేదీ కనిపించేలా దాచండి.

మీ స్నేహితుడు చెప్పిన ఉత్తరం రాయకండి. డబ్బు ఇస్తావా, పరువు తీయమంటావా అని రాస్తే చాలా దేశాల్లో అది బెదిరించి డబ్బు వసూలు చేయడం కిందికి వస్తుంది. బాధితురాలి అన్నగా ఉన్న మీరు ఒక్క ఉత్తరంతో ముద్దాయి అవుతారు. నిజం రాసి ర్యాంకు సంస్థకు తెలియజేయడం మీ హక్కు. కానీ దానికి డబ్బుతో ముడిపెట్టవద్దు.

ఆస్పత్రి కాగితాల ఒరిజినల్స్ ఎందుకు పంపారు? జిరాక్స్ తీయించడానికి ఎంతసేపు పడుతుంది? ఇప్పుడైనా ఆస్పత్రి రికార్డు సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగం కోర్టుకి వెళ్ళే దారిని మూయకూడదని 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల వ్యాఖ్యానంలోనే ఉంది. అలాగని అక్కడ ఫిర్యాదు పెడితే గడువు ఆగుతుందని ఎక్కడా లేదు.

చెల్లెలి జీతం స్లిప్పులు, గేటు పాసు, ప్రమాదం రోజు హాజరు వెతకండి. పక్క టేబుల్ మీద పనిచేసిన వాళ్ళెవరైనా గార్డు ఎప్పుడు తీశారో, ఎవరు తీయమన్నారో చెప్తే వాళ్ళ మాటల్లోనే రాయించి సంతకం తీసుకోండి. ఇంట్లో ఆ ఫ్యాక్టరీ బట్ట ఏదైనా ఉందా? పక్క కుట్టు లోపలికి తిప్పి చూడండి, చిన్న తెల్ల లేబుల్ మీద బ్రాండు పేరు, ఉంటే స్టైల్ నంబరు కనిపిస్తాయి. 2013లో బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయినప్పుడు, అక్కడ ఎవరి బట్టలు కుట్టారో చెప్పిన వాటిలో శిథిలాల్లో దొరికిన లేబుళ్ళూ ఉన్నాయి.

ఫ్యాక్టరీ ఉన్న చోట కార్మిక కేసులు చూసే లాయరు దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. ముందు ఫ్యాక్టరీ యజమాని మీద పరిహారం దరఖాస్తు పడాలి, బ్రాండు సంగతి ఆ తరువాత. ఆస్పత్రిలో చేర్చుకున్న చీటీ మీద తేదీ, టైము ఉంటాయి. లాయరుకు మొదట చూపించాల్సింది అదే.