టార్పాలిన్ గురించి ఇంకా రాయి

అమ్మాయ్,

వందనాలు. నీ వ్యాసం చదివాను. డాలస్‌లో పుట్టి పెరిగి తెలుగులో ఇంత పొడుగు రాసినందుకు మెచ్చుకోవాలి. ఆ మెప్పు మీ అమ్మకి ఫోన్లో చెప్పేశాను కాబట్టి ఇక్కడ మళ్ళీ పొగడను.

మీ చర్చి యూత్ గ్రూపు మధ్య అమెరికాలోని హోండురాస్ వెళ్ళి, కొపాన్ వైపు కాఫీ కొండల్లో ఒక మందిరం కట్టడానికి వారం రోజులు పనిచేసి వచ్చిన సంగతి రాశావు. మొదటి రెండు పేజీలూ కార్ వాష్‌లు, కేకుల అమ్మకం, ప్రయాణానికి చందా అడుగుతూ బంధువులకి పంపిన సపోర్ట్ లెటర్లు, అందరికీ ఒకే రంగు టీషర్టులు. చివరి రెండు పేజీలూ నువ్వెలా మారిపోయావో. మధ్యలో మందిరం ఉండాలి కదా, దానికి ఒక్క పేరా దక్కింది. మీ టీమ్ లీడర్ ఇంట్లో కుక్కపిల్ల పేరు తెలిసింది గానీ, గోడ కట్టిన మేస్త్రీ పేరు తెలియలేదు నాకు.

ఇలా ఎందుకైందో నాకు తోచింది చెప్తాను. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు వింటూ పెరిగావు. సాక్ష్యానికో కట్టుబాటు ఉంది. ముందు చీకట్లో ఉన్నాను, ఒకరోజు దేవుడు ముట్టాడు, ఇప్పుడిలా ఉన్నాను, మహిమ ఆయనకే. చెప్పే మనిషి బతుకే దాని వస్తువు గనక అక్కడ అది చెల్లుతుంది. హోండురాస్‌ని ఆ వరసలో పెట్టేసరికి ఊరు ఊరంతా నీ మారుమనస్సుకి తెర అయిపోయింది. పిల్లలు నవ్వడానికీ, ముసలమ్మ నీ చేతులు పట్టుకుని ఏడవడానికీ తప్ప అక్కడెవరికీ ఇంకో పనిలేదు. “ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో” అన్న వాక్యం పుట్టింది అక్కడే. కొట్టెయ్. వాళ్ళ ఇళ్ళల్లోకి వెళ్ళి చూసి రాసిన మాట కాదది.

ఇక టార్పాలిన్. “ఉన్నట్టుండి వాన. బ్యాగులు తడుస్తాయని మేమంతా పరిగెత్తాం. ఉన్న ఒక్క టార్పాలినూ మేస్త్రీ తీసుకెళ్ళి సిమెంటు బస్తాల మీద కప్పాడు.” ఇంత మంచి మాట రాసి వెంటనే సాయంత్రం ప్రార్థన కూటంలోకి వెళ్ళిపోయావేం? నేనైతే అక్కడే కూర్చుండిపోయేవాణ్ణి. తడిసిన సిమెంటు గడ్డకడితే ఇంకెందుకూ పనికిరాదు. ఆ బస్తాలు కొండ మీదికి ఎలా చేరాయి? లారీ వచ్చే దారి ఉందా, ఎవరైనా మోశారా? మే నుంచి అక్కడ వానాకాలం, మధ్యాహ్నానికి మబ్బు పట్టేస్తుందని అతనికి తెలుసు. మీకెవరికీ తెలియదు. మీ బ్యాగులు తడుస్తుంటే అతని మొహం ఎలా ఉంది? నవ్వాడా, చూడనట్టు ఊరుకున్నాడా?

అతని కూలి సంగతి కూడా అడుగు. కాఫీ కోతలు నవంబరు దాటితే గాని ఊపందుకోవు. మీరు వెళ్ళిన జూలై నెల ఆ కొండల్లో కూలీలకి గడ్డు కాలం. ఆ వారం అతనికి డబ్బు ముట్టిందా, సంఘ సభ్యుడు కదా అని ఊరికే చేశాడా? మీ పాస్టరుగారి దగ్గర అక్కడి పాస్టరు వాట్సాప్ నంబరు ఉండే ఉంటుంది.

“సిమెంటు కలిపాం” అని తేల్చేశావు. నేల మీద ఇసుకా సిమెంటూ కుప్పపోసి, మధ్యలో గుంట చేసి, నీళ్ళు పోసి, గట్టు తెగకుండా పారతో లోపలికి తిప్పుకుంటూ రావడం నడుము విరిగే పని. స్పానిష్ రాని మీకు అది నేర్పిందెవరు? నువ్వు పేర్చిన వరుస నిలువుగా ఉందో లేదో తాడుకి గుండు వేలాడదీసి చూశాడా? చూస్తే ఏమన్నాడు? పైన పోసిన బీముకి కనీసం వారం పాటు నీళ్ళు పట్టాలి. మీరేమో శనివారం విమానమెక్కేశారు. ఆ తర్వాత నీళ్ళు పట్టిందెవరో, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారో కనుక్కో.

ఒక తప్పు మటుకు తప్పకుండా దిద్దాలి. “సువార్త అందని దేశం” అన్నావు. హోండురాస్ జనాభాలో అత్యధికులు క్రైస్తవులే. స్పెయిన్‌వాళ్ళ కాలం నుంచీ క్యాథలిక్కులు ఉన్నారు, ఇప్పుడు ఎవాంజెలికల్ (ప్రొటెస్టెంట్) సంఘాలకీ అక్కడ లోటులేదు. ఆ ఊళ్ళో రోజూ బైబిలు చదివేవాళ్ళు మీ బస్సులోకంటే ఎక్కువే ఉండి ఉంటారు.

‘మారిపోయాను’ అన్న భాగం ఇప్పుడే రాయకు. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ని ఊడ్చేశాక ఇళ్ళు కట్టిపెట్టడానికి ఉత్తర అమెరికా చర్చి బృందాలు బారులు తీరాయి. అక్కడే ఏళ్ళ తరబడి కాపురమున్న కర్ట్ వెర్ బీక్ అనే సోషియాలజీ ప్రొఫెసరు ఆ ఇళ్ళవాళ్ళనీ, కట్టడానికి వెళ్ళొచ్చినవాళ్ళనీ ఇద్దరినీ విచారించి 2006లో ప్రచురించాడు. ఇల్లు విదేశీయులు కట్టినా స్థానికులు కట్టినా అందులో ఉండేవాళ్ళకి పెద్ద తేడా కనిపించలేదు. వెళ్ళొచ్చినవాళ్ళలో కూడా తాము చెప్పుకున్నంత మార్పు నిలబడలేదు. ఆయన విశ్వాసే, క్రైస్తవ కాలేజీలో పాఠాలు చెప్పినవాడే. వెళ్ళొద్దని నేనూ అనను. వచ్చే జూలై దాకా ఆగి, నిలిచిందేదో చూసుకుని రాయమంటాను.

మనం ఒకప్పుడు అవతలి గట్టున, మిషనరీలు వచ్చిన ఊళ్ళలో ఉన్నవాళ్ళం, ఇది మర్చిపోకు. 1876–78 కరువులో మన ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించడం, తర్వాత 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరగడం మీ తాత నీకు చెప్పే ఉంటాడు. ఎక్కడ విన్నా అది క్లౌ కథే. తాళ్లకొండపాడు ఊరివాడైన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం మీద తిరుగుతూ సువార్త విని, క్లౌని కలవకముందే తనవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. మాదిగ పల్లెల్లో ఆయన వేసిన దారి లేకపోతే ఆ 2,222 మంది ఏటి ఒడ్డుకి వచ్చేవాళ్ళా? నాకు అనుమానమే. పేరయ్య గురించి ఆ రోజుల్లో తెలుగులో కూర్చుని రాసినవాడుంటే ఎంత బాగుండేది!

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దేశపు పాదిరి అజరయ్యగారు లేచి, మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. అప్పటికాయన దోర్నకల్లులో పనిచేస్తున్నారు, బిషప్ కావడానికి ఇంకా రెండేళ్ళుంది. తెల్లవాళ్ళల్లో కొందరికి కోపమొచ్చింది. ఆ మాట నీ వ్యాసంలో ఎక్కించమని కాదు, ఎక్కిస్తే ఉపన్యాసమైపోతుంది. రాసేటప్పుడు నీకు మటుకు గుర్తుండాలి.

పిల్లల ఫోటోలు వ్యాసంతో వెయ్యకు. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగావా అని నేనడిగితే నీ దగ్గర జవాబుండదు. మేస్త్రీ ఫోటో అతనొప్పుకుంటే వెయ్యి, కింద పేరు రాయి.

రెండో ప్రతి క్రిస్మస్ లోపల పంపు. అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు, కళ్ళద్దాలు ఇంకా మార్పించలేదు.

ఇట్లు,
మీ తాత స్నేహితుడు,
ఒంగోలు