సందుగ ఒకటే, వచ్చిన దారులు రెండు

ప్రశ్న: మా మేనల్లుడు రష్యాలో వైద్యవిద్య చదువుతున్నాడు. అక్కడ పెట్టెను ‘సుందూక్’ అంటారనీ, అది తురుష్కుల మాటనీ చెబుతున్నాడు. మా అమ్మమ్మ వెంకటగిరి చీరలు దాచుకున్న సందుగ కూడా తురుష్క పదమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కాదు. ‘సందూక్’ అరబ్బీ మాట. అది టర్కిష్, తాతారు వంటి తుర్కు భాషల మీదుగా రష్యనులో సుందూక్‌గా, సెర్బియనులో సందుక్‌గా స్థిరపడింది. మనకు పారసీ, ఉర్దూల ద్వారా చేరింది. జేబు సంగతీ అంతే. అరబ్బీ ‘జైబ్’ టర్కిష్‌లో జెప్ అయి, అక్కడి నుండి సెర్బియనులో జెప్‌గా, బల్గేరియనులో జోబ్‌గా మారింది. రష్యను, సెర్బియను, బల్గేరియనులు ఉన్న స్లావిక్ కుటుంబానికి చెందని హంగేరియను కూడా దానిని జెబ్‌గా తీసుకుంది. మన పల్లెల్లో వినిపించే ‘జోబు’ బల్గేరియను ఉచ్చారణకు దగ్గరగా ఉండటం మాత్రం కాకతాళీయం.

అచ్చమైన తుర్కు మాట కావాలంటే చాకును చూడండి. సెర్బియనులో మడత చాకును ‘చాకియా’ అంటారు. అదే తుర్కు మూలం పారసీలో ‘చాకూ’గా మారి మన వంటింటిదాకా వచ్చింది.

రష్యనుకు ఈ పదాలు ఎక్కువగా రష్యాపై పెత్తనం చేసిన మంగోలు-తుర్కు రాజ్యమైన స్వర్ణ హోర్డు ఏలుబడి కాలంలోనూ, వోల్గా నదీతీరపు తుర్కు జాతివారైన తాతార్లతో సాగిన వర్తకంలోనూ చేరాయి. అక్కడ ఇస్త్రీపెట్టె ‘ఉత్యూగ్’. పెన్సిలు ‘కరందాష్’, ‘కర’ అంటే నలుపు, ‘దాష్’ అంటే రాయి అని నిఘంటుకారులు విడదీస్తారు. సెర్బియా, బల్గేరియాలున్న ఆగ్నేయ ఐరోపాలోని బాల్కను ప్రాంతంలో ఈ పని అక్కడ ఏలిన ఒట్టోమన్ తురుష్కులది. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడులో చెంచాను ‘కాషికా’ అనే టర్కిష్ మాటతో పిలుస్తుంటే, క్రొయేషియా రాజధాని జాగ్రెబు ప్రామాణిక భాష ‘జ్లిత్సా’ అనే పాత స్లావిక్ పదాన్ని నిలుపుకుంది. తలదిండుకు మాత్రం రెండు చోట్లా టర్కిష్ ‘యాస్తుక్’ వాడుకలో ఉంది. అంగట్లో కొనే వస్తువుతో పాటే పేరూ ఇంటికి వస్తుంది. అమ్మ, అన్న, చేయి, కన్ను వంటి వాటికి ఆ భాషలు సొంత మాటలనే అట్టిపెట్టుకున్నాయి.

ఇక తురుష్కుల ఏలుబడి మనకూ లేకపోలేదు. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ, ‘నల్లగొర్రెల వారు’ అనే అర్థం గల కర కొయున్లు తుర్కుమాన్ వంశంవాడు. కరందాష్‌లోని ‘కర’యే అక్కడా ఉన్నది. ఉదయగిరి దుర్గం ఆ వంశం చేతికి వచ్చినా, వారి కొలువు భాష తుర్కు కాదు, పారసీ. తరువాత నెల్లూరు సీమను ఏలిన ఆర్కాటు నవాబుల కచేరీలలోనూ పారసీయే నడిచింది. అందుకే చాకు వంటి తుర్కు మాట కూడా మన దగ్గరికి పారసీ రూపంలోనే వచ్చింది.