మోకాలి ఆపరేషన్ అయి ఏడు వారాలు.. డల్లాస్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 62. ఏడు వారాల కిందట ఎడమ మోకాలి మార్పిడి జరిగింది. షుగర్‌కు ఇన్సులిన్ వాడుతున్నాను. వచ్చే వారం మా అమ్మాయి కాన్పుకు డల్లాస్ వెళ్లాలి. హైదరాబాద్ నుంచి ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుంది? సాయంత్రానికి ఎడమ పిక్క వాచి గట్టిపడుతోంది. నిద్రమాత్ర, ఆస్పిరిన్ వేసుకుని పడుకుంటే ప్రయాణం తెలియదని పక్కింటివాళ్లు మాత్రలు ఇచ్చారు. - ఒక పాఠకురాలు, కరీంనగర్

సలహా: దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు. దుబాయ్‌లోనో దోహాలోనో మారితే, అక్కడిదాకా నాలుగు, నాలుగున్నర గంటలు, ఆ తర్వాత ఏకబిగిన 16 గంటలు. మధ్యలో ఆగేదీ కలుపుకొని ఒక రోజు అనుకోండి.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మీ పిక్క. మోకాలి మార్పిడి తర్వాత కాలు కొన్ని నెలలు వాచడం మామూలే. కానీ పిక్క గట్టిపడిందంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దీన్నే డీవీటీ అంటాం. టైలర్ టేపుతో రెండు పిక్కల చుట్టుకొలతా ఒకే ఎత్తులో చూడండి. మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అనుమానం గట్టిదే. తేడా తక్కువుందని మాత్రం ధీమా పడొద్దు. సిరల్లో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ చేస్తేనే తేలుతుంది, ఉత్తరం చూసి నేను తేల్చలేను. మీ సర్జన్‌ను ఈరోజే కలవండి. ఈలోగా ఆ కాలికి నూనె మర్దనా వద్దు. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. ఓపీ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక ఆ మాత్రలు. నా ఓపీకి ఇలాంటి స్ట్రిప్పులు పట్టుకుని చాలామంది వస్తుంటారు. సగం వాడినవి, పేరున్న చోటే చించేసి ఉంటాయి! ఏం మాత్రో నేనెలా చెప్పను? నిద్రమాత్ర వేసుకుంటే గంటల తరబడి కాలు కదపరు. గడ్డకట్టడానికి అదే అనువు. ఆపరేషన్ తర్వాత మీకు రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే, దానికి ఆస్పిరిన్ తోడై రక్తస్రావం కావొచ్చు. ప్రయాణం కోసమని ఆస్పిరిన్ మేము రాయం. చదువుకున్నవాళ్లు కూడా పక్కింటి చీటీతో మందులు మింగుతుంటే ఏమనాలమ్మా?

స్కాన్ బాగున్నా, మోకాలి మార్పిడి తర్వాత ఇంత దూరప్రయాణం మూడు నెలల దాకా వద్దనే సాధారణంగా చెబుతాం. పురిటికి అందకపోతే మీ అమ్మాయి అలుగుతుందేమో గానీ, పసిబిడ్డ పనులు ఆ తర్వాతా బోలెడుంటాయి.

వెళ్లేటప్పుడు ఇన్సులిన్ చేతి బ్యాగులోనే పెట్టుకోండి, లగేజీలో వేస్తే చలికి పాడైపోవచ్చు. డల్లాస్ టైము మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. డోసుల వేళలు మీ షుగర్ డాక్టర్‌తోనే రాయించుకోండి. బిగుతు మేజోళ్లు వేసుకోవాలా వద్దా అన్నదీ సర్జన్‌నే అడగండి, సొంతంగా కొనొద్దు. డాప్లర్ రిపోర్టు చేతికొచ్చేదాకా టికెట్ సంగతి పక్కన పెట్టండి.